మూరెడు లోతు నేల

జనవరి చివర్లో మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులోకి ఒక రంగుల కరపత్రం వచ్చింది. యలహంక నుంచి రెండు గంటల దూరంలో, 44వ నంబరు జాతీయ రహదారికి దగ్గరగా, పెనుకొండ వైపు పావెకరం చొప్పున తోటలు అమ్ముతున్నారనీ, మామిడి, శ్రీగంధం మొక్కలు వాళ్లే నాటి, వాళ్లే నీళ్లు పెట్టి, వాళ్లే కాపలా కాస్తారనీ, మనం నెలకొకసారి పిల్లలతో వెళ్లి చెట్ల కింద కూర్చుంటే చాలనీ దాని సారాంశం. అందులో రెండు బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి. ఎడమవైపు దాని కింద ‘ముందు: రాళ్లతో నిండిన నిరుపయోగ భూమి’ అనీ, కుడివైపు దాని కింద ‘తర్వాత: మీ కలల తోట’ అనీ రాశారు. నేను ఎడమవైపు బొమ్మనే చాలాసేపు చూశాను. ఎర్రమట్టి, దాని మీద ఎవరో పరిచినట్టు తెల్లటి పలుగురాళ్లు, అక్కడొకటి ఇక్కడొకటి తంగేడు, వెనక గుండ్ల గుట్ట, మధ్యలో గొర్రెలు నడిచి నడిచి పడిన సన్నటి బాట. అది మా ఊరు కాదు. కానీ మా ఊరని చెబితే మా అమ్మ కూడా నమ్ముతుంది.

మాది మడకశిర దగ్గర చిన్న ఊరు. నేను బెంగళూరుకు వచ్చి 19 ఏళ్లయింది. ఊళ్లో గుట్ట కింద మాకు నాలుగెకరాల బీడు మిగిలింది. దాన్ని అమ్మాలా, ఉంచుకోవాలా అన్న మాట ప్రతి ఉగాదికీ వస్తుంది, బచ్చాలు తిన్నాక వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది. కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నవాడు తటస్థుడు కాడని ముందే చెప్పుకోవడం మర్యాద. ‘నిరుపయోగం’ అన్న ఆ ఒక్క మాట నన్ను ఇన్ని నెలలు ఎందుకు పట్టుకుని వదలలేదో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

గడ్డపార ఖంగుమన్న చోటు

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, కొనే ఉద్దేశం లేకపోయినా, ఆ తోటలు చూడటానికి వెళ్లాను. పదెకరాల చెక్కలో పని జరుగుతోంది. రెండు జేసీబీలు పైమట్టిని గీకి రాళ్లను ఒక పక్కకు తోస్తున్నాయి. అక్కడి సూపర్‌వైజరు, పాపం మంచి మనిషి, మాకు మజ్జిగ ఇప్పించి మరీ వివరించాడు. మూడు రోజుల్లో మొత్తం ‘శుభ్రం’ చేస్తారట. పెద్ద రాళ్లు ప్రహరీగోడకు, చిన్నవి లోపలి రోడ్లకు, మిగిలినవి క్రషర్‌కు పోతాయట. ఆ తర్వాత మూడడుగుల గుంతలు తవ్వి, బయటి నుంచి తెచ్చిన మట్టి నింపి, మొక్క పెట్టి, డ్రిప్పు పైపు వేస్తారట. “కింద ఏముంది?” అని అడిగాను. “కింద రాయే సార్, బ్రేకర్‌తో కొట్టిస్తాం,” అన్నాడు.

అంటే ఆ మామిడి మొక్క నేలలో లేదు. రాతిలో తొలిచిన కుండీలో ఉంది. మా అపార్ట్‌మెంటు బాల్కనీలో కరివేపాకు మొక్క ఎలా ఉందో అదీ అలాగే, వెయ్యి అడుగుల బోరు నీళ్ల మీద ఉంది.

ఉగాదికి ఊరికి వెళ్లినప్పుడు, చిన్నాయన కొడుకును వెంటబెట్టుకుని మా బీడులోనే ఒక గుంత తవ్వాను. బయటివాడి నేల మీద తీర్పు చెప్పే ముందు మన నేల సంగతి తెలుసుకోవాలి కదా. పైన రెండు వేళ్ల మందాన రాళ్లు ఉన్నాయి. ఎక్కువ పలుగురాళ్లు, కొన్ని గులకరాళ్లు, ఎండ తగిలే వైపు కాస్త నల్లబడినవి కొన్ని. వాటి కింద జానెడున్నర లోతు వరకు ఎర్రటి గరుసు మట్టి. దాని కింద మొరం, అంటే ఇంకా మట్టి కాని, ఇక రాయీ కాని పదార్థం. గోరుతో గీకితే రాలుతుంది, కానీ రాయి గీతలు అందులో అలాగే కనిపిస్తాయి. సరిగ్గా మూరెడు లోతులో గడ్డపార ఖంగుమంది. తవ్విన మట్టిని ఇసుక జల్లెడలో పోశాం. పైరాళ్లు కలపకుండానే, మూడు బకెట్ల తవ్వకంలో ఒకటింబావు బకెట్టు రాళ్లు తేలాయి.

నేలల సర్వే చేసేవాళ్ల భాషలో 2 మిల్లీమీటర్లకు మించినది ఏదైనా రాతిముక్కే. 50 సెంటీమీటర్ల లోపు గట్టి రాయి తగిలితే లోతు తక్కువ నేల, 25 లోపే తగిలితే మరీ లోతు తక్కువ నేల. రాతిముక్కలు ఘనపరిమాణంలో 35 శాతం దాటితే అది బాగా గరుసైన నేల. మా బీడు లోతు తక్కువ పరీక్షలోనూ, గరుసు పరీక్షలోనూ ‘పాసయింది’. దీనికి చిన్న లెక్క వేయవచ్చు. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న మా మట్టి, మొక్క వేళ్లకు అందే నీటిని సెంటీమీటరు లోతుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పట్టి ఉంచుతుంది. ముప్పై సెంటీమీటర్ల మట్టిలో రాళ్లు పోగా మిగిలేది పద్దెనిమిది. కాబట్టి ఎంత వాన కురిసినా ఆ మట్టి దాచుకోగలిగేది రమారమి 18 మిల్లీమీటర్లు. ఎండ మండే రోజుల్లో నేల నుంచీ ఆకుల నుంచీ రోజుకు ఆరేడు మిల్లీమీటర్లు ఆవిరై పోగల ఊరిలో అది మూడు రోజుల కూడు. వేరుశనగ మూడు రోజుల కూడుతో నాలుగు నెలలు బతకదు. మామిడి అసలు బతకదు.

ఇంతవరకు కరపత్రం రాసినవాడిదే న్యాయంలా కనిపిస్తుంది. సేద్యానికి ఇది పనికిరాదు. నాకూ ఆ మధ్యాహ్నం అలాగే అనిపించింది. కానీ అప్పుడే గుంత గోడలో ఒక తంగేడు వేరు కనిపించింది. చిటికెన వేలంత లావున్న ఆ వేరు మట్టిలో అడ్డంగా మూరన్నర సాగి, గడ్డపార ఖంగుమన్న ఆ రాతి మీద కాసేపు తడుముకుంటూ వెళ్లి, ఒక నెర్రె దొరకగానే కాగితంలా నలిగి పలచబడి లోపలికి దిగిపోయింది. వేరుతో పాటు తడి ఉంది. మార్చి నెలాఖరు, ఆఖరి వాన పడి నాలుగు నెలలు దాటింది. ఆ నెర్రెలో మట్టి వేలికి అంటుకుంది.

రాయి చేసే పని

లెక్కలో నేను చేసిన తప్పు అక్కడ తెలిసింది. రాయిని నేలగా లెక్కించకుండా తీసి పక్కన పెట్టాను. మా చిన్నాయన దగ్గర ఉన్న భూసార కార్డు కూడా అదే చేసింది. 2015లో మొదలైన ఆ కార్డుల పథకంలో 12 అంశాలు పరీక్షిస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము వగైరా పోషకాలు, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. నేల ఎంత లోతుందో, అందులో రాయి ఎంత ఉందో ఆ పన్నెండింటిలో లేదు. ప్రయోగశాలలో మొదటి పనే మట్టిని జల్లించి రాళ్లు పారేయడం. పోషకాల లెక్కకు అది సరైన పద్ధతే. కానీ మా గుట్ట కింద నేలకూ చెరువు కింద మడికీ ఉన్న అసలు తేడా ఆ జల్లెడ పైనే మిగిలిపోతుంది.

వాన చినుకు ఉత్త ఎర్రమట్టి మీద పడితే దెబ్బకు మట్టి కణాలు చెదిరి, రంధ్రాలు పూడుకుని, ఎండగానే పైన పెచ్చు కడుతుంది. తర్వాతి వాన ఆ పెచ్చు మీద జారి వాగులోకి పోతుంది. అదే చినుకు రాయి మీద పడితే దెబ్బ రాయి తింటుంది, నీరు రాయి అంచున జారి దాని కింద చెదరకుండా ఉన్న మట్టిలోకి ఇంకుతుంది. పైగా రాయి నీరు తాగదు కనుక దాని వాటా కూడా పక్కనున్న మట్టికే వస్తుంది. నేలంతా మట్టే అయితే జానెడు లోతు కూడా తడపలేని చిన్నవాన, సగం రాళ్లున్న చోట మిగతా సగం మట్టిని రెట్టింపు లోతుకు తడుపుతుంది. పైన ఎండ కాసినప్పుడు ఆ రాయే మూత.

బెంగళూరుకు తిరిగొచ్చాక దీన్ని పరీక్షించాలనిపించింది. జల్లించిన మట్టి ఒక బకెట్టు కారు డిక్కీలో తెచ్చుకున్నాను. రెండు ఒకేలాంటి కుండీల్లో నింపి, ఒకదాని మీద మాత్రం ఊరి పలుగురాళ్లు పరిచి, రెంటికీ కొలిచి ఒకే పాటి నీళ్లు పోసి ఎండలో పెట్టాను. నాలుగో రోజుకు ఉత్త కుండీ పెచ్చు కట్టి, అంచు వెంట కుండీ నుంచి విడిపోయింది. రెండో దానిలో రాయి ఎత్తి చూస్తే కింద మట్టి ఇంకా ముదురు రంగులో ఉంది. ఇది శాస్త్రం కాదు, బాల్కనీ. మా ఆవిడ మాత్రం “రాళ్లకు నీళ్లు పోసే మనిషిని ఇన్నేళ్లకు చూశాను,” అంది.

శాస్త్రం వేరే ఉంది. ఇజ్రాయెల్‌కు చెందిన ఇమాన్యుయెల్ నోయ్-మెయిర్ అనే ఆవరణ శాస్త్రవేత్త 1973లో ఎడారి మొక్కల గురించి రాస్తూ, వానలు బాగా కురిసే చోట బంకనేలలు మేలైనా, పొడి ప్రాంతాల్లో ముతక నేలల్లోనే మొక్కలు మెరుగ్గా ఉంటాయని సూత్రీకరించాడు. కారణం సులువే. బంకనేల వాననీటిని పైపైనే పట్టుకుని ఎండకు అప్పగిస్తుంది. ముతక నేల, రాతినేల ఆవిరి అందుకోలేని లోతుకు దించేస్తాయి. ఈ తిరకాసు 300 నుంచి 500 మిల్లీమీటర్ల వాన దగ్గర మారుతుందని ఆయన అంచనా. అనంతపురం వైపు సగటు వాన 550 దగ్గర ఉంటుంది కాబట్టి మనం ఆ గీతకు కాస్త అవతలే ఉన్నాం. ఈ సూత్రాన్ని మన నేలకు తెచ్చి అతికిస్తున్నానని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అయితే సగటు కురిసే ఏడాది మాకు ఎప్పుడో గానీ రాదు. కురవని ఏళ్లలో మేము గీతకు ఇవతలే ఉంటాం.

రాయి ఎప్పుడూ మేలే చేస్తుందనడం కూడా తప్పు. మట్టి మీద వదులుగా కూర్చున్న రాయి నీటిని ఇంకిస్తుంది. పెచ్చు కట్టిన మట్టిలో బిగుసుకుపోయిన రాయి నీటిని జార్చేస్తుంది. రాయి అదే, కూర్చున్న తీరు వేరు. గొర్రెల గిట్టలు మితిమీరి తొక్కినా, ట్రాక్టరు చక్రం నడిచినా మొదటిది రెండోదిగా మారిపోతుంది. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

పోరంబోకు అనే తిట్టు

మనకు ఇలాంటి నేలకు మాటలు లేక కాదు. గరుసు, గరప, మిట్ట, బోడు, బీడు, రాళ్లచేను. కానీ రికార్డుల్లోకి వెళ్లిన మాటలు రెండే, బంజరు, పోరంబోకు. పన్ను లెక్కకు వెలుపల ఉన్న నేల అన్న అర్థంలో మొదలైన పోరంబోకు ఇవాళ మనుషుల్ని తిట్టే మాట అయింది. పన్ను కట్టని నేల దేనికీ పనికిరానిదే అన్న రెవెన్యూ దృష్టి ఎంత లోతుకు ఇంకిందో చెప్పడానికి ఈ ఒక్క తిట్టు చాలు.

దేశంలో ‘వేస్ట్‌ల్యాండ్స్’ అట్లాసు ఒకటి ఉంది. కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి చేస్తాయి. 2019లో వచ్చిన అట్లాసు ప్రకారం అలాంటి భూమి 5.57 కోట్ల హెక్టార్లు, అంటే దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతం. పొదలున్న నేల, పొదలు లేని నేల, రాతిమయమైన నేల అన్నీ అందులోనే ఉన్నాయి. ఉపగ్రహం నుంచి చూస్తే మా నాలుగెకరాలూ అందులో ఒక గోధుమరంగు చుక్కే అయి ఉంటుంది.

దీనికి పక్కన పెట్టి చూడటానికి అమెరికా నేలల సర్వే వివరణ పత్రాలు కొన్ని చదివాను. టెక్సాస్ పడమటి కొసన, న్యూమెక్సికోలో, సున్నపురాతి గుట్టల మీద పాతిక, ముప్పై సెంటీమీటర్ల లోతు కూడా లేని రాతినేలలు కోకొల్లలు. ఒక్కొక్క రకానికి ఒక పేరు ఉంటుంది, ఆ పేరు కింద రంగు, రాతిపాలు, వాలు, ఇంకుడు, కింద గట్టిపడిన సున్నపు పొర ఎంత లోతులో ఉంది అన్నవన్నీ రాసి, చివర ఉపయోగం అన్న చోట తొణక్కుండా ‘పశువుల మేత, వన్యప్రాణుల ఆవాసం’ అని రాస్తారు. నిందా లేదు, సానుభూతీ లేదు. ఆ సున్నపు పొర సంగతి మాత్రం నాకు భలే నచ్చింది. చిన్న చిన్న వానలు సున్నాన్ని కరిగించి కిందికి మోసుకెళ్లి, నీరు ఆగిన లోతులో దించి ఆవిరైపోతాయి. వేల ఏళ్లు అలా దించగా దించగా అక్కడొక తెల్లటి బండ కడుతుంది. అంటే ఆ ప్రాంతంలో వాన మామూలుగా ఎంత లోతుకు దిగుతుందో నేలే గీత గీసి పెట్టుకుంది. రాయలసీమ నల్లరేగడి కింద దొరికే సుద్ద ముక్కలకూ మూలం ఇలాంటి పనే.

మంచి పేరు పెడితే నేల బాగుపడుతుందని నేను అనుకోబోయాను, కానీ అదే దేశం ఆ మాటను అబద్ధం చేసింది. న్యూమెక్సికోలో లాస్ క్రూసెస్ పట్టణం దగ్గర హోర్నాడా అనే మేతభూముల పరిశోధనా క్షేత్రం 1912 నుంచి నడుస్తోంది. అక్కడ కురిసేది ఏడాదికి 245 మిల్లీమీటర్లు, మా వానలో సగం కూడా కాదు. 1858 నాటి భూసర్వే రికార్డుల్లో ఎక్కువ భాగం మంచి గడ్డినేలగా రాసి ఉన్న ఆ చోటు, 1963 నాటికి చాలావరకు ముళ్లపొదల పాలైంది. కరువులూ అతిమేతా కలిసి గడ్డిని తినేశాయి, గడ్డి పోయిన చోట గాలి మట్టిని ఎత్తుకుపోయింది. ఆ ముళ్లపొద మెస్కీట్, మన సర్కారు తుమ్మకు దాయాది. పేరు గౌరవంగా ఉన్నా మంద ఎక్కువైతే నేల ఆగదు.

అయినా పేరుకు ధర ఉంది. నిరుపయోగం అన్న మాట పడ్డ నేల మీద ఏ పని చేసినా అది మెరుగుదల కిందే జమ అవుతుంది. మా పక్క తాలూకా పావగడలో, మూడు వైపులా ఆంధ్ర ఉండి తెలుగు గట్టిగా వినిపించే ఆ కర్ణాటక ముక్కలో, సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వచ్చింది. భూములు రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు, ఏటా డబ్బు వస్తోంది, వానను నమ్ముకున్న వేరుశనగ కన్నా అది నయమని చెప్పినవాళ్లను నేనే విన్నాను. కరెంటు కావాలి, నేను రాస్తున్న ఈ లాప్‌టాప్‌కూ కావాలి. కానీ ఆ కౌలు డబ్బు, భూమికి పట్టా ఉన్నవాడికే వస్తుంది. కోత అయ్యాక ఆ బీళ్లలో గొర్రెలు తోలుకున్నవాడికి ఏ కాగితమూ లేదు, కాబట్టి అతనికి నష్టం జరిగినట్టు కూడా ఏ కాగితంలోనూ ఉండదు. 2019 పశుగణనలో గొర్రెల్లో తెలంగాణ మొదటి స్థానం, ఆంధ్ర రెండో స్థానం, కర్ణాటక మూడో స్థానం. ఆంధ్ర లెక్క ఒక్కటే 1.76 కోట్లు. ఆదివారం మా వీధి మటన్ కొట్టు ముందు వరుసలో నిలబడే మేమందరం ఈ నిరుపయోగ భూమినే కిలోల లెక్కన తింటున్నాం.

ఇంకో ఉదాహరణ కడపది. పక్షిశాస్త్రవేత్త జెర్డన్ 1848లో లోకానికి తెలియజెప్పిన కలివికోడి, 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న పిట్ట, 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. అది దట్టమైన అడవిలో దొరకలేదు. కలివి పొదలు ఎడంగా పెరిగి, మధ్యలో ఉత్త రాతినేల కనిపించే చిట్టడవిలో దొరికింది. పొదలు మరీ చిక్కబడినా, మరీ పలచబడినా ఆ పిట్టకు ఇల్లుండదు. అలాంటి చోట వరసలు తీర్చి మొక్కలు నాటడమూ నరకడంతో సమానమైన నష్టమే. ‘పచ్చదనం’ అన్న మాట వినగానే చప్పట్లు కొట్టే అలవాటు మనకు తగ్గాలి.

మా అబ్బ ఏరిన రాళ్లు

ఇక్కడికి వచ్చేసరికి నాకు ఒక వాక్యం తయారైంది. రాళ్లు తీయడంతో మొదలయ్యే పనిని సేద్యం అనకూడదు, తవ్వకం అనాలి. ఈ వాక్యం మా చిన్నాయనకు ఫోనులో వినిపించాను. ఆయన కాసేపు ఊరుకుని, “అయితే మీ అబ్బ చేసింది ఏందిరా?” అన్నాడు.

మా అబ్బ, అంటే మా తాత, బతుకంతా రాళ్లు ఏరాడు. గుట్టకు దిగువనున్న ఆరెకరాలూ ఒకప్పుడు ఈ బీడు లాంటివే. ఎండాకాలం వస్తే ఇంటిల్లిపాదీ గంపలతో రాళ్లు మోసేవారట. చెరువు ఎండిన ఏడు ఎద్దులబండితో ఒండ్రు తోలేవాడట. ఆ ఆరెకరాల వేరుశనగతోనే మా నాన్న చదివాడు, ఆ చదువుతోనే నేను ఇక్కడ బాల్కనీలో రాళ్లకు నీళ్లు పోస్తున్నాను. నా వాక్యం నిజమైతే నేను ఒక గని యజమాని మనవణ్ణి.

దీన్నుంచి తప్పించుకోవడానికి నాకు దొరికిన తేడాలు చెబుతాను, అవి ఎంత గట్టివో మీరే తేల్చండి. మా అబ్బ పెద్దరాళ్లు తీశాడు, చిన్నవి ఉంచాడు. “చిన్నరాయి సల్లదనం పట్టుకుంటాది” అనేవాడని చిన్నాయనే చెప్పాడు. తీసిన రాళ్లను వాలుకు అడ్డంగా కట్టలు పోశాడు, కాబట్టి రాయి చేను దాటి పోలేదు, కొట్టుకుపోయే మట్టిని ఆ రాళ్లే ఆపాయి. పైగా ముప్పై ఏళ్ల పని అది. ఒక చెక్కలో పొరపాటు జరిగితే పక్క చెక్కలో దిద్దుకునే వ్యవధి ఉంది. మూడు రోజుల జేసీబీకి ఆ వ్యవధి లేదు. దాని రాళ్లు క్రషర్‌కు పోతాయి, తిరిగి రావు.

ఇది నిజమే. కానీ పూర్తి నిజం కాదు. ఆ ఆరెకరాల్లో ఎగువ రెండెకరాలు ఇప్పుడు ఎవరూ దున్నడం లేదు. అక్కడ మట్టి జానెడు కూడా లేదు, ఏటా దున్నగా దున్నగా మెత్తటి మట్టి కిందికి దిగిపోయి మళ్లీ రాళ్లే పైకి తేలాయి. మా ఊళ్లో రాళ్లు ‘పుడతాయి’ అంటారు. పుట్టేది రాయి కాదని, పోయేది మట్టి అని అర్థం చేసుకోవడానికి నాకు ఇంత వయసు పట్టింది. గట్టిరాయి నుంచి ఒక అంగుళం మట్టి తయారవడానికి వందల ఏళ్లు పడతాయి. అది పోవడానికి మా అబ్బ ఒక్కడి జీవితం సరిపోయింది. ఆకలితో ఉన్న మనిషిని నేను తప్పుపట్టను, పట్టే అర్హత నాకు లేదు. కాకపోతే ఆ పనిని ఆదర్శంగా కూడా నిలబెట్టను. కాబట్టి నా వాక్యం అలాగే ఉండనీ. అది మా ఇంటికీ వర్తిస్తుంది.

గొర్రె నోరు పోని సందు

గుంత తవ్విన రోజు సాయంత్రం మందతో వచ్చిన పెద్దాయన ఒకరు గట్టు మీద నిలబడి మమ్మల్ని చూశాడు. “ఏం సామీ, బోరేసేకి పాయింటు చూస్తాండారా?” అన్నాడు. ఊరికే మట్టి చూస్తున్నామంటే నమ్మినట్టు లేదు. రాళ్లు తీసేస్తే గడ్డి ఇంకా బాగా వస్తుంది కదా అని అడిగాను. ఆయన కర్రతో ఒక రాతిని కదిపి చూపించాడు. రెండు రాళ్ల సందులో బొటనవేలంత గడ్డి మొదలు, ఎండి తెల్లబడి, మొద్దుగా ఉంది. “ఈ సందులోకి గొర్రె నోరు పోదు సామీ. వానొచ్చిందంటే ఇదే ముందు చిగురేస్తాది. రాయి తీసినావనుకో, ఏరుతో సహా పీక్కుని తినేస్తాయి, మళ్లేడు ఏం మేపల్ల?”

నేను వారాల తరబడి చదివిన దానిలో ఈ మాట లేదు. రాయి నీటికి మూత అని తెలుసుకున్నాను గానీ, గడ్డికి బ్యాంకు అని నాకు తట్టలేదు. మంద ఎంత ఆకలి మీదున్నా తినలేని వాటా ఒకటి నేలలోనే దాచి ఉంది. దానితో పాటు ఇంకొక దాపరికం మనుషుల నడకలో ఉంది. గడ్డి తక్కువైన ఏడు ఆయన మందను తుంగభద్ర కాలువల కింద వరి కోసిన పొలాలకు తోలుకుపోతాడు. రాత్రిళ్లు అక్కడ మంద కడితే ఎరువు కింద రైతు ఎంతో కొంత ఇస్తాడు. ఆ మూడు నెలలూ మా గుట్ట ఊపిరి పీల్చుకుంటుంది. ఇలాంటి నేల మీద ఇన్ని ఎకరాలకు ఇన్ని గొర్రెలు అన్న స్థిరమైన లెక్క కుదరదు. కర్ణాటక రెవెన్యూ నియమాల్లో నూరు పశువులకు 12 హెక్టార్ల గోమాళం, అంటే ఊరి ఉమ్మడి మేతభూమి, ఉండాలని ఉంది. ఉన్నందుకు సంతోషమే, కానీ కురిసిన ఏడాది ఆ నేలలో సగం చాలు, కురవని ఏడాది దానికి మూడింతలు కావాలి. మందకు కాళ్లున్నాయి కనుకే ఆ నేల మనింది.

ఆ కాళ్లకు ఇప్పుడు అడ్డాలు ఎక్కువయ్యాయి. దారిలో తోటల కంచెలు, లేఅవుట్ల గోడలు. నడక ఆగితే మంద ఒకే చోట తిరుగుతుంది, రాళ్లు మట్టిలోకి బిగుసుకుంటాయి, నేను పైన చెప్పిన రెండో రకం రాయి తయారవుతుంది. అప్పుడు ఎవరో వచ్చి గొర్రెలే ఈ నేలను పాడుచేశాయని ఫొటో తీసి చూపిస్తే, ఆ ఫొటో అబద్ధం కాదు.

నేలను వదిలేస్తే చాలు, బాగుపడుతుందన్నది కూడా సగం మాటే. రొద్దం మండలంలో కల్పవల్లి అనే చోట, టింబక్టు కలెక్టివ్ సంస్థా చుట్టుపక్కల ఊళ్లూ కలిసి 1990ల నుంచి వేల ఎకరాల రెవెన్యూ బంజరును కాపాడుకుంటూ వచ్చాయి. వాళ్లు ప్రధానంగా చేసినవి రెండు, నిప్పు పడకుండా చూడటం, కొమ్మ నరకకుండా చూడటం. గొర్రెలను వెళ్లగొట్టలేదు. బోదగడ్డి తిరిగొచ్చింది, వాగుల వెంట ఈతచెట్లు లేచాయి. మనుషులు రోజూ కాపలా తిరిగితే వచ్చిన ఫలితం అది. అంత చేశాక కూడా రికార్డులో అది బంజరే కనుక, గాలిమరల కోసం ఆ గుట్టల మీద రోడ్లు తొలిచారు.

కాబట్టి నాకు కావలసింది చిన్నది. భూసార కార్డులో ఇంకో రెండు గడులు, నేల లోతు, రాతిపాలు. అడంగల్‌లో బంజరు అని ఉన్న చోట మేతనేల అన్న మాట. రాళ్లు బయటికి తోలాలంటే, ఇసుకకు అడిగినట్టే అనుమతి అడగడం. ఇవి వచ్చినంత మాత్రాన మా పెద్దాయన కొడుకు మంద వెంట నడుస్తాడని నేను అనుకోవడం లేదు. అతను యశవంతపురలో డెలివరీ బండి నడుపుతున్నాడు, వానాకాలంలో కూడా గొర్రెల కన్నా అదే నయమంటాడు. అతని మాటను కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

జూలైలో రెండు మంచి వానలు పడ్డాయని చిన్నాయన ఫోను చేశాడు. కొనేవాళ్లు మళ్లీ వచ్చారట, ఎకరాకు కిందటిసారి కన్నా కాస్త పెంచారట. “ఉగాదికి మాట్లాడదామని చెప్పి పంపించినా,” అన్నాడు. తర్వాత మేం వదిలేసి వచ్చిన గుంత సంగతి చెప్పాడు. వాన నీళ్లు నిలిచి, అందులో ఒక గొర్రెపిల్ల జారి పడిందట, పెద్దాయన చూసి పైకి తీశాడట. “పొద్దున పోయి పూడ్చేసినా. మొరం కింద, మట్టి ఆ మీద, రాళ్లు అన్నిటికన్నా పైన, ఎట్లుండెనో అట్లే ఏసినా. ఏమో గానీ, ఒక బకెట్టు మట్టి తక్కువొచ్చిందిరా.”

ఆ బకెట్టు మట్టి ఇక్కడే, కరివేపాకు కుండీలో ఉంది.